తిమింగలం ఎముకల చదువు దేవరకొండ అమ్మాయికి అందుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. పోయిన వేసవిలో విశాఖపట్నం చూసి వచ్చినప్పటి నుంచి సముద్ర జీవుల గురించీ, పాతకాలపు తిమింగలాల శిలాజాల గురించీ చదువుతానంటోంది. మేము నీట్ లాంగ్‌టర్మ్‌కు పంపాలనుకుంటున్నాము. ధ్యాస చెదరకూడదని ఆమె ఏరి తెచ్చుకున్న రాళ్లూ గవ్వల డబ్బాను సజ్జ మీద పెట్టేశాను. ఈ చదువులకు ఉద్యోగాలు ఉంటాయా? ఏది మేలు?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అమ్మా, మీరు ఉద్యోగాల గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో నాకు కనిపించిన భయం వేరు. సముద్రం లేని ఊరి ఆడపిల్ల ఎక్కడికో వెళ్లిపోతుందేమో, ఇరవై అయిదు దాటినా స్థిరపడదేమో, బంధువులకు ఏమని చెప్పుకోవాలో అన్నదే ఆ భయం. నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రుల నుంచి ఏళ్లుగా ఇదే ప్రశ్న వస్తోంది, చదువు పేరు మాత్రమే మారుతుంది.

మీ అమ్మాయి చెబుతున్నవి రెండు వేరువేరు చదువులు. తిమింగలాల పూర్వీకుల ఎముకలు మన దేశంలో దొరికింది సముద్రంలో కాదు. గుజరాత్‌లోని కచ్ ఎండు నేలల్లో, హిమాచల్‌లోని సుబాతు రాతి పొరల్లో. అంటే అది ముందుగా భూగర్భ శాస్త్రం. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర సేకరించిన రాళ్లలో కొన్ని ఆయన మరణించేదాకా పగలగొట్టకుండానే ఉండిపోయాయి. వాటిని ఆయన భార్య భద్రపరచి, తరువాత హాన్స్ థేవిసెన్ అనే శాస్త్రవేత్తకు అప్పగించారు. వాటిని శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె పొరపాటున విరిగి చెవి ఎముక బయటపడింది. దాని లోపలి అంచు తిమింగలాలకు ఉన్నట్టే గోడలా మందంగా ఉంది. పిల్లి కన్నా కొంచెం పెద్దదైన, సుమారు 4.8 కోట్ల ఏళ్ల నాటి ఆ గిట్టల జంతువు, ఇండోహ్యుస్, తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007లో తేలింది. ఆ ఇల్లాలు ఆ రాళ్లను చెత్త అనుకుని పారేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మీరు చేసింది తప్పని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. పదిహేడేళ్ల పిల్ల ఇష్టాన్ని సజ్జ ఎక్కించినంత మాత్రాన ధ్యాస నీట్ మీదికి మళ్లదు. మీతో మాట్లాడడం మాత్రం తగ్గుతుంది. ఆ డబ్బాను ఈ రోజే దించి, మీ చేత్తోనే ఆమెకు ఇవ్వండి.

ఇక సముద్ర జీవశాస్త్రం. నా అనుమానాలన్నీ దీని మీదనే. నీలి నీళ్లలో డాల్ఫిన్ల పక్కన ఈదే వీడియోలు చూసి వచ్చే పిల్లలు ఇప్పుడు చాలామంది. డైవింగ్ సర్టిఫికెట్‌తో కలిపి అమ్మే స్వల్పకాలిక కోర్సులకూ, అప్పు చేసి చదివే విదేశీ డిగ్రీలకూ ఆ వీడియోలే పెట్టుబడి. ఒక తండ్రి కూతురిని అలాంటి చదువుకు పంపడానికి ఎకరం భూమి అమ్మాడు. తిరిగి వచ్చిన ఆ అమ్మాయికి దొరికింది ఏడాదికోసారి పొడిగించే ప్రాజెక్టు కొలువు. అసలు పని తెల్లవారుజామున చేపల రేవులో నిలబడి పడవలు దించిన చేపలను కొలవడం, ఆపైన గంటల తరబడి సూక్ష్మదర్శిని కింద ప్లవకాలను, అంటే నీటిలో తేలే సూక్ష్మ జీవులను, వేరు చేయడం. ఆ పని ఇష్టమైతే విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తమిళనాడులోని పరంగిపేటలో ఉన్న అన్నామలై విశ్వవిద్యాలయ కేంద్రం, కొచ్చిలోని కుశాట్ విశ్వవిద్యాలయం మంచి చోట్లే. శాశ్వత కొలువులు కొద్ది, పోటీ ఎక్కువ అన్నది మాత్రం ముందే తెలియాలి.

అందుకే డిగ్రీలో భూగర్భ శాస్త్రం, జంతుశాస్త్రం కలిసిన గ్రూపు తీసుకోమంటాను. అలాంటి కళాశాలలు తక్కువ కాబట్టి డిగ్రీ ప్రవేశాల దోస్త్ వెబ్‌సైట్‌లో ఐచ్ఛికాలు పెట్టేటప్పుడు జాగ్రత్తగా వెతకాలి. భూగర్భ శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తయ్యాక యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది, సింగరేణి, ఎన్ఎండీసీ వంటి గనుల సంస్థలు ఉన్నాయి. శిలాజాల మీదే మనసుంటే నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్, సాధించి పరిశోధనలో చేరవచ్చు. ఇప్పుడు నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. పరిశోధన దారిలో స్థిరపడేసరికి ఇరవై ఎనిమిదేళ్లు రావచ్చు. ఈ మాట నేను దాచను. ఎంబీబీఎస్ తరువాత పీజీ చేసే పిల్లలకూ దాదాపు అంతే వయసు వస్తుంది, అక్కడ మీరు ఈ లెక్క వేయరు.

దూరం గురించి మరీ బెంగ పెట్టుకోకండి. భారత భూగర్భ సర్వే సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది. మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పే, సునామీ హెచ్చరికలు పంపే ఇన్‌కాయిస్ కూడా హైదరాబాద్‌లోనే పనిచేస్తోంది. మఠంపల్లి, వాడపల్లి సిమెంటు కర్మాగారాలకు వెళ్లే సున్నపురాయి, ఎముకలున్న జీవులు పుట్టకముందు ఒక సముద్రం అడుగున పేరుకున్నదే. సముద్రం మన జిల్లాలో లేదన్న మీ బంధువులకు ఆ మాట చెప్పండి.

పరీక్షలు అయ్యాక విశాఖ రాతి తీరానికి మరోసారి తీసుకువెళ్లండి. పోటు తగ్గే వేళను ముందే చూసుకుని, ఆ సమయానికి చేరుకుంటే రాళ్ల మధ్య గుంటల్లో సముద్రపు పూలు (సీ అనిమోన్) అనే జీవులూ, పీతలూ కనబడతాయి. జీవమున్న గవ్వలనూ, పగడాలనూ తీసుకురావద్దని చెప్పండి. పగడాలకూ, కొన్ని రకాల గవ్వలకూ వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. డబ్బాలోని ప్రతి రాయికీ ఎక్కడ, ఏ రోజు దొరికిందో చీటీ రాసి అంటించమనండి. కొన్నిటి సంగతి ఆమె మరిచిపోయి ఉండవచ్చు, ఆ రోజు వెంట ఉన్నారు కాబట్టి మీరు గుర్తు చేయండి.