పిల్లల హోంలో చేరబోతున్న నీకు

అమ్మడూ,

పిల్లల హోంలో పనికి చేరుతున్నావని విని చాలా సంతోషించాను. నా ఉద్యోగమంతా అక్కడే గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటిరోజే పిల్లలు పరుగున వచ్చి నడుం చుట్టేస్తారు, ఒళ్లో ఎక్కి కూర్చుంటారు. నేనంటే ఎంత ఇష్టమో అని పొంగిపోకు. మనుషులు వస్తూపోతూ ఉండే చోట పెరిగిన పిల్లలు ఎవరు దొరికితే వాళ్లని పట్టుకుంటారు. రొమేనియాలో 2000లో మొదలైన పరిశోధనలో, సంస్థల్లో ఉన్న 136 మంది పిల్లల్లో సగంమందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించి చూశారు. రెండేళ్ల వయసులోపే ఇల్లు దొరికినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. పసివాళ్లకి కావాల్సింది రోజూ కనబడే ఒకే మొహం. సెలవు పెడితే ఎప్పుడొస్తావో చెప్పి వెళ్లు. చెప్పిన రోజుకి వచ్చి తీరు.

అనాథ అంటే అమ్మానాన్నలు లేనివాడని అనుకుంటాం. యూనిసెఫ్ లెక్కలో ఇద్దరిలో ఒకరు పోయినా అనాథే. అసలు ఆ మాటకి అర్థం నాథుడు, అంటే దిక్కు, లేనివాడని. లోకంలో హోముల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు, సాకలేక వదిలారు. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డని ఇంటినుంచి వేరుచేయకూడదని ఐక్యరాజ్యసమితి 2009 మార్గదర్శకాల్లో ఉంది. అందుకే ప్రతి ఫైలూ తెరిచి చదువు. అమ్మమ్మో, మేనమామో ఎక్కడున్నారో ఆరా తీయి.

అబద్ధం మాత్రం చెప్పకు. ఒక బాబు ఏడుపు మాన్పించడానికి "మీ అమ్మ ఊరెళ్లింది, వచ్చేస్తుంది" అన్నాను. ఆమె అప్పటికే చనిపోయింది. వాడు నెల్లాళ్లు రోజూ సాయంత్రం గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. చివరికి నిజం చెబితే ఏడవలేదు. "నీకు ముందే తెలుసా?" అని మాత్రం అడిగాడు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇంకొకటి. అక్కడ బట్టలన్నీ ఒకే కుప్పలో ఉతుకుతారు, ఎవరి చొక్కా ఎవరికి వస్తుందో తెలియదు. నేను కాలర్ల లోపల దారంతో ఎవరి పేరు వాళ్లకి కుట్టాను. ఒక పిల్లాడు తొడుక్కునే ముందు రోజూ కాలరు తిరగేసి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదువుకునేవాడు. వెళ్లేటప్పుడు సూదీ దారం బ్యాగులో వేసుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ