నర్సంపేట నుంచి సముద్రపు పురుగుల దాకా

ప్రశ్న: మా పాప హన్మకొండలో బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం. సముద్రపు ఇసుకలో ఉండే ఎసీల్ పురుగులను గుర్తించడం నేర్చుకుంటానని పట్టుబట్టింది. మన దగ్గర సముద్రమే లేదు. బీఈడీ చేయించడమే మంచిదా సార్?
- ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండి. సముద్రం లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. ఈ పనికి కావలసింది కన్ను, చెయ్యి, ఓపిక.

ఎసీల్‌లు చాలావరకు రెండు మిల్లీమీటర్లకు మించవు. నోరుంటుంది, పేగు ఉండదు. తిన్నది లోపలి మెత్తటి కణజాలంలోనే అరిగిపోతుంది. చాలాకాలం వీటిని బల్లపరుపు పురుగుల్లో కలిపి చదివారు. 1999లో జన్యువులు పోల్చి చూశాక ఆ లెక్క మారింది. పాప ఎందుకు మనసు పారేసుకుందో నాకు తెలుస్తోంది.

గుర్తించడంలోనే అసలు కష్టం. లోతులేని చోట తెచ్చిన ఇసుకను మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో కాసేపు ఉంచితే పురుగులు మత్తెక్కి పట్టు వదులుతాయి. పైనీళ్లను సన్న జల్లెడలో వంచి, వాటిని బతికుండగానే మైక్రోస్కోప్ కింద చూడాలి. నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే ముడుచుకుపోయి ముద్దవుతాయి, ఏదేమిటో తెలియదు. తల వైపు చిన్న తేట సంచిలో ఒకే గింజ కనిపిస్తే ఎసీల్ అని అనుమానించవచ్చు. దగ్గరి బంధువులైన నెమర్టోడెర్మాటిడ్‌లలో మామూలుగా రెండు గింజలుంటాయి. ఏ జాతో తేల్చడానికి మాత్రం జననాంగాల ఆకారం చూడాలి, పురుగును పలుచని పొరలుగా కోసి చూడాలి, డీఎన్‌ఏ కూడా పోల్చాలి.

ఈ సాధన మీ ఊరి పక్కనే మొదలుపెట్టించండి. పాకాల చెరువు ఒడ్డు ఇసుకలో ఎసీల్‌లు దొరకవు కానీ రోటిఫర్లనే సూక్ష్మజీవులు, గుండ్రటి పురుగులు, బుల్లి బల్లపరుపు పురుగులు దొరుకుతాయి. కాలేజీ మైక్రోస్కోప్ అడిగి, చూసిన ప్రతిదాన్నీ పెన్సిల్‌తో గీయమనండి. కన్ను అలాగే కుదురుతుంది.

ఎమ్మెస్సీకి విశాఖ ఆంధ్ర యూనివర్సిటీ చూడండి. వాల్తేరు బీచ్ ఇసుక జీవుల మీద 1960లలోనే అక్కడ పరిశోధన జరిగింది. కొచ్చి, తమిళనాడులోని పరంగిపేటల్లో ఉన్న సముద్ర జీవశాస్త్ర విభాగాలు కూడా మంచివే. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే, పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం.

ఒక మాట దాచను. ఎసీల్‌ల కోసమే ఉద్యోగ ప్రకటన వస్తుందని ఎదురుచూడొద్దు. అందుకే నెట్‌కు జువాలజీ మొత్తం గట్టిగా చదవాలి. నెట్ ఉంటే డిగ్రీ లెక్చరర్ పోస్టుకూ పోటీపడొచ్చు. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు. ఈ సెలవుల్లో పాపను రెండు రోజులు విశాఖ తీసుకెళ్లండి, ఆ ఇసుకను తన చేత్తోనే తవ్వనివ్వండి.