నెలసరి ముందు నాకు చిరాకు.. మావారికీ ‘నెల చక్రం’ ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 34, మావారికి 38. మాకు ఆరేళ్ల పాప ఉంది. రెండో బిడ్డ కోసం ఈ మధ్యే ప్రయత్నం మొదలుపెట్టాం. నాకు నెలసరి రావడానికి ఐదారు రోజుల ముందు నుంచి విపరీతమైన చిరాకు, చిన్న మాటకే ఏడుపు, రొమ్ముల్లో సలపరం, కడుపు ఉబ్బరం ఉంటాయి. పీరియడ్ మొదలైన రెండో రోజుకల్లా తేలికపడతాను. ఆ రోజుల్లో నేనేం చెప్పినా మావారు ‘డేట్ దగ్గరపడిందా?’ అంటారు. ఆయన కూడా కొన్ని రోజులు అయినదానికీ కానిదానికీ కోప్పడతారు. మగవాళ్లకూ నెలకోసారి హార్మోన్లు మారతాయని ఆన్‌లైన్‌లో చదివి, తనకూ అదేనంటున్నారు. ఈ మధ్య నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన రోజు సాయంత్రం 5 గంటలకు టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) పరీక్ష చేయించుకుంటే 270 వచ్చింది. ఆ హార్మోన్ ఇంజెక్షన్ తీసుకుంటే హుషారొస్తుందని జిమ్‌లో ఎవరో చెప్పారట. తీసుకోవచ్చా? నిజంగా మగవాళ్లకూ మాలాగే చక్రం ఉంటుందా? దయచేసి వివరంగా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు

సలహా: ముందు ఇంజెక్షన్ సంగతి మాట్లాడుకుందాం. మిగతావి రెండు నెలలు ఆగినా నష్టం లేదు, ఇది మాత్రం ఆగదు. మీవారిని ఆ ఇంజెక్షన్ తీసుకోవద్దని చెప్పండి. ఇప్పటికే ఒకటో రెండో తీసుకుని ఉంటే దాచకుండా డాక్టరుకి చెప్పమనండి.

ఎందుకంటే, మెదడు అడుగున పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుంది. అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను పంపిస్తేనే వృషణాలు పనిచేస్తాయి. ఎల్‌హెచ్ అందితే టెస్టోస్టిరాన్ తయారవుతుంది. దానికి ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా తోడైతే వీర్యకణాలు సరిగ్గా తయారవుతాయి. బయటినుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే, ఒంట్లో సరిపడా ఉందనుకుని మెదడు ఆ రెండింటినీ ఆపేస్తుంది. దాంతో వృషణాల్లో సొంతంగా తయారయ్యేది నిలిచిపోతుంది, వీర్యకణాలూ పడిపోతాయి. ఈ ప్రభావం ఎంత బలమైనదంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగి 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో వారం వారం ఇచ్చే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్‌ను మగవాళ్లకు గర్భనిరోధకంగానే పరీక్షించారు. సగానికి పైగా మందిలో కొన్ని నెలల్లోనే వీర్యకణాల సంఖ్య సున్నాకి చేరింది. ఆపేశాక మళ్లీ మామూలు స్థాయికి రావడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా దాటుతుంది. బిడ్డ కావాలనుకుంటున్న మనిషికి హుషారు కోసం ఈ మందు సూచించడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఇలాంటి సలహా విని వచ్చిన యువకులను ఎంతోమందిని చూశాను.

ఇక ఆ 270 అంకె. సాయంత్రం 5 గంటలకు, అదీ రాత్రంతా మేలుకుని వచ్చాక తీసిన రక్తం అది. ఆ రిపోర్టును బట్టి ఏ నిర్ణయమూ చేయలేం. టెస్టోస్టిరాన్ ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. వయసులో ఉన్న మగవాళ్లలో ఆ తేడా 20–25 శాతం దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకే ఈ పరీక్షను రాత్రి సరిగ్గా నిద్రపోయి, పరగడుపున, ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య చేయించుకోవాలి. నైట్ షిఫ్టులు చేసేవాళ్లు తాము నిద్ర లేచిన రెండు మూడు గంటల లోపు ఇవ్వడం మంచిది. తక్కువ వస్తే మరో రోజు అదే పద్ధతిలో ఇంకోసారి చూడాలి. ఎంతకంటే తక్కువైతే లోపం అనాలన్నదాని మీద కూడా డాక్టర్ల సంఘాల మార్గదర్శకాలు ఒకే అంకె చెప్పవు. డెసిలీటరుకి 264 నానోగ్రాములని ఒకరంటే, 300 అని ఇంకొకరంటారు. పైగా అంకె ఒక్కటే తక్కువైతే చాలదు, లక్షణాలూ ఉండాలి. లైంగిక కోరిక తగ్గడం, నిద్ర లేచేటప్పుడు అంగస్తంభన లేకపోవడం, కండ బలం తగ్గడం లాంటివి ముఖ్యమైనవి. ఉత్త కోపాన్ని టెస్టోస్టిరాన్ లోపం అనరు.

మీ అసలు ప్రశ్న, మగవాళ్లకూ చక్రం ఉంటుందా అని. హార్మోన్లలో లయ ఉంటుంది. నెలవారీ చక్రం ఉన్నట్టు మాత్రం రుజువు కాలేదు. ఎందుకు ఉండదో తెలిస్తే మీ ఒంట్లో జరిగేది కూడా మీకు బాగా అర్థమవుతుంది.

ఇందాక చెప్పిన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లే మీ అండాశయాలనూ నడిపిస్తాయి. ఆడవాళ్లకు వేరే, మగవాళ్లకు వేరే ఉండవు. మగవాళ్లలో లెక్క ఒక్కటే: టెస్టోస్టిరాన్ పెరిగితే మెదడు తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. ఎల్‌హెచ్ సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా విడుదలవుతూ, పొద్దున్నుంచి రాత్రి దాకా ఈ సర్దుబాటు సాగుతూనే ఉంటుంది. రాత్రి నిద్రలో టెస్టోస్టిరాన్ పెరిగి, తెల్లవారుజామున గరిష్ఠానికి చేరి, సాయంత్రానికి దిగుతుంది. మర్నాడు మళ్లీ అంతే. అంటే మగవాళ్ల గడియారం 24 గంటలది.

మీలోనూ నెలలో చాలా రోజులు ఇదే పద్ధతి. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగితే మెదడు కాస్త వెనక్కి తగ్గుతుంది. కానీ నెలకోసారి ఒక విచిత్రం జరుగుతుంది. అండాశయంలో ఒక అండం పక్వానికి వస్తూ ఈస్ట్రోజెన్‌ను బాగా పెంచుతుంది. ఆ స్థాయి ఒక హద్దు దాటి రెండు రోజులు అలాగే నిలబడితే, మెదడు తన రోజూవారీ పద్ధతి వదిలేసి ఎల్‌హెచ్‌ను తగ్గించడానికి బదులు ఒక్కసారిగా ఉప్పెనలా పంపిస్తుంది. ఆ ఉప్పెన మొదలైన దాదాపు ఒకటిన్నర రోజుకు అండం విడుదలవుతుంది. అండం వదిలిన చోటు పసుపురంగు గ్రంథిగా మారి ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్‌ను తయారుచేస్తుంది. దానివల్లే ఆ రోజుల్లో ఒంటి వేడి కూడా 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. గర్భం రాకపోతే సుమారు రెండు వారాలకు ఆ గ్రంథి ముడుచుకుపోతుంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రెండూ కొద్ది రోజుల్లోనే పడిపోతాయి. ఆ పడిపోవడంతోనే నెలసరి వస్తుంది. మగవాళ్లలో మెదడు ఇలా ఎదురు తిరిగే రోజు రాదు కాబట్టే వాళ్లకు నెల చక్రం లేదు.

మార్పుల పరిమాణంలోనూ తేడా చాలా ఉంది. మీవారి టెస్టోస్టిరాన్ రోజులో నాలుగో వంతు దిగితే, మీ ఈస్ట్రోజెన్ నెల మొదటి రోజుల నుంచి అండం విడుదలయ్యే ముందు నాటికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ప్రొజెస్టిరాన్ అయితే దాదాపు ఏమీ లేని స్థితి నుంచి పది రెట్లకు పైగా పెరిగి మళ్లీ అడుగంటుతుంది. మగవాళ్ల మార్పులు ఏ గుర్తూ కనిపించకుండా జరిగిపోతాయి. మీవి నెలసరి రూపంలో తేదీతో సహా బయటపడతాయి. అందుకే ‘హార్మోన్లు’ అనగానే అందరి వేలూ ఆడవాళ్ల వైపే వెళ్తుంది.

మగవాళ్లలో చక్రం అని చెప్పదగ్గది ఇంకొకటుంది. వీర్యకణం మొదటి దశ నుంచి పూర్తిగా తయారవడానికి రెండు నెలలకు పైగా, సుమారు 74 రోజులు పడుతుంది. అయితే అన్నీ ఒకేసారి మొదలవ్వవు, రోజూ కొన్ని మొదలవుతూనే ఉంటాయి కాబట్టి దానివల్ల మూడ్ మారదు. మీకు ఇది పనికొచ్చేది ఒక్క విషయంలో: ఆయన ఇప్పుడు సిగరెట్ మానినా, నిద్ర సరిచేసుకున్నా ఆ ఫలితం వీర్య పరీక్షలో కనిపించడానికి మూడు నెలలు కావాలి.

మగవాళ్ల చిరాకు రోజుల గురించి ఆయన చదివినదాని మూలం బహుశా గొర్రెపోతుల దగ్గర ఉంది. సోయ్ జాతి గొర్రెపోతుల్లో జతకట్టే కాలం అయిపోయి టెస్టోస్టిరాన్ పడిపోయినప్పుడు అవి చికాకుగా, బెదురుగా మారతాయని జెరాల్డ్ లింకన్ అనే శాస్త్రవేత్త గమనించి, 2001లో ‘ఇరిటబుల్ మేల్ సిండ్రోమ్’ అని పేరుపెట్టారు. అది రుతువును బట్టి జతకట్టే జంతువు. అందులో నెల లెక్కే లేదు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట చాలా సాగిపోయింది.

ఇప్పుడు మీ ఐదారు రోజుల సంగతి. మీరు చెప్పినది ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్, అంటే పీఎంఎస్ లాగే ఉంది. చాలామంది ‘నాకు హార్మోన్లు ఎక్కువయ్యాయి, టెస్టులు రాయండి’ అని వస్తారు. పీఎంఎస్ ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ హార్మోన్ల స్థాయులు దాదాపు ఒకేలా ఉంటాయి. ఈ విషయాన్ని 1998లో వెలువడిన ఒక అధ్యయనం చాలా అందంగా తేల్చింది. మందులతో అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపితే పీఎంఎస్ ఉన్న చాలామందికి బాధలు తగ్గాయి. తర్వాత ఈస్ట్రోజెన్‌నో, ప్రొజెస్టిరాన్‌నో తిరిగి ఇచ్చారు. పీఎంఎస్ ఉన్నవాళ్లకు బాధలు తిరిగొచ్చాయి. అవే హార్మోన్లు అదే మోతాదులో తీసుకున్న మిగతా ఆడవాళ్లకు ఏమీ కాలేదు. అంటే మామూలుగా జరిగే మార్పుకే కొందరి మెదడు ఎక్కువగా స్పందిస్తుంది. ఇది మీ స్వభావ లోపం కాదు, మనసు గట్టిగా ఉంచుకుంటే పోయేదీ కాదు.

‘డేట్ దగ్గరపడిందా?’ అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో మీ ఓర్పు తగ్గుతుంది, నిజమే. అలాగని మీరు ఎత్తి చూపిన సమస్యను హార్మోన్లు పుట్టించలేదు. ఇంటిపని అంతా మీ మీదే పడుతోందన్న బాధ మిగతా మూడు వారాలూ ఉండి, మీరు మింగుకుని ఉండొచ్చు. ఆ వారంలో మింగలేక బయటికి వస్తుంది. కాబట్టి మీవారు ఆ ప్రశ్న వేయడం మానేసి, మీరు అన్న విషయం ఏమిటో విని, అవసరమైతే పది రోజుల తర్వాత తీరిగ్గా మళ్లీ మాట్లాడమని నా మనవి.

కొన్నేళ్ల కిందట మీలాంటి జంటే ఒకటి నా దగ్గరికి వచ్చింది. తప్పు ఎవరి హార్మోన్లదని ఇద్దరిదీ వాదన. ఇద్దరికీ చెరో చిన్న నోట్‌బుక్ పెట్టుకోమన్నాను. రాత్రి పడుకునే ముందు ఆ రోజు చిరాకుకు 1 నుంచి 6 దాకా మార్కు వేయాలి, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో పక్కన రాయాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. రెండు నెలల తర్వాత రెండు పుస్తకాలూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టాం. ఆమె పుస్తకంలో 4లు, 5లు అన్నీ నెలసరికి ముందు వారంలోనే గుమిగూడి ఉన్నాయి, తర్వాత వరసగా 1లు. ఆయన 5లు నెలంతా చెదిరి ఉన్నాయి. వాటి పక్కన ఉన్న నిద్ర గంటలు చూస్తే 4, 4, 3, 5. ఆయన ఏమీ మాట్లాడకుండా పుస్తకం చేతిలోకి తీసుకుని, వేలితో ఒక్కో వరసా మళ్లీ లెక్కపెట్టుకున్నారు. నాకు ఇప్పటికీ ఆ దృశ్యం గుర్తుంది.

మీవారి విషయంలోనూ నా మొదటి అనుమానం నిద్ర మీదే. ఆరోగ్యంగా ఉన్న యువకులను ఒక వారం రోజులు రాత్రికి 5 గంటలే పడుకోనిచ్చి చూస్తే పగటి టెస్టోస్టిరాన్ 10–15 శాతం తగ్గిందని 2011 నాటి ఒక చిన్న అధ్యయనంలో తేలింది. గురక బాగా ఉన్నా, పొట్ట పెరిగినా, షుగర్ ఉన్నా కూడా తగ్గుతుంది. ఇవి సరిచేస్తే చాలామందికి అంకె దానంతటదే మెరుగవుతుంది. నిద్ర బాగున్నా కోపం వారాల తరబడి తగ్గకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే డిప్రెషన్ ఉందేమో చూపించుకోవాలి. మగవాళ్లలో అది తరచూ ఏడుపుగా కాకుండా కోపంగా బయటపడుతుంది.

మీరూ, మీవారూ అలాగే రెండు నెలసరుల పాటు రాయండి. పీఎంఎస్‌ను ఖాయం చేయడానికి రక్తపరీక్ష లేదు, ఈ రాతే ఆధారం. నెలంతా దిగులుగా ఉండి ఆ వారంలో ఎక్కువవుతోందని తేలితే అది వేరే సమస్య, చికిత్స కూడా వేరు. నీరసం కూడా ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. రోజూ అరగంట చెమట పట్టేలా నడవడం, వేళకు నిద్ర కొందరికి బాగా పనిచేస్తాయి. పీఎంఎస్‌కు గర్భనిరోధక మాత్రలు కూడా ఇస్తుంటారు, మీరు బిడ్డ కోసం చూస్తున్నారు కాబట్టి ఇప్పుడు అవి కుదరవు. లక్షణాలు తీవ్రంగా ఉంటే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందులను నెలంతా గానీ, నెలసరికి ముందు రెండు వారాలు మాత్రమే గానీ వాడే పద్ధతి ఉంది. గర్భం ప్రయత్నంలో ఉన్నారని డాక్టరుకి ముందే చెప్పి, వాళ్లు రాస్తేనే వాడండి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇంకా మొదలుపెట్టకపోతే ఈ రోజే మొదలుపెట్టండి.

ఇంకో సంగతి. రొమ్ముల సలపరం, ఉబ్బరం, చిరాకు గర్భం వచ్చిన తొలి రోజుల్లోనూ ఇలాగే ఉంటాయి. తేదీ దాటితే ‘ఈసారి పీఎంఎస్ ఎక్కువ రోజులుంది’ అనుకోకుండా ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి.

ఆ వారంలో బతకాలనిపించకపోవడం, మీకు మీరు హాని చేసుకోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే నోట్‌బుక్ పూర్తయ్యే దాకా ఆగొద్దు, అదే రోజు డాక్టరును కలవండి. అది పీఎంఎస్‌లోనే పీఎండీడీ అనే తీవ్రమైన రూపం కావచ్చు. 2013 నుంచి మానసిక వైద్యుల ప్రామాణిక జాబితాలో దానికి సొంత స్థానం ఉంది, మంచి చికిత్సా ఉంది.

అలాంటిదేమీ లేకపోతే రెండు నెలల తర్వాత ఇద్దరూ కలిసి వెళ్లండి. మీ నోట్‌బుక్, ఆయన నోట్‌బుక్, ఉదయం పూట చేయించిన టెస్టోస్టిరాన్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.