పాత ల్యాప్‌టాప్‌కు ఏ ఎస్‌ఎస్‌డీ?

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు. ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. సెకనుకు 7,000 ఎంబీ వేగమున్న ఎస్‌ఎస్‌డీ కొందామనుకుంటున్నాను. సరిపోతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కుకు బదులు చిప్‌లలో ఫైళ్లు దాచే డ్రైవ్) ఆలోచన మంచిదే, ఆ 7,000తోనే మీకు పని లేదు. అంత వేగమున్నవి సన్నటి పట్టీలా ఉండే ఎన్‌వీఎంఈ రకం. మీ తరం ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అవి పట్టే స్లాటే ఉండదు. ఉండేది రెండున్నర అంగుళాల సాటా (హార్డ్‌డిస్కులను కలిపే పాత రకం లంకె) డ్రైవ్ పట్టే అర. ఆ దారిలో ఎంత గొప్ప డ్రైవ్ పెట్టినా సెకనుకు సుమారు 550 ఎంబీ దాటదు.

హార్డ్‌డిస్కుకు అయిదారు రెట్లేనా అని చప్పబడిపోకండి. మీ టీ చల్లారడానికి కారణం వేరే ఉంది. హార్డ్‌డిస్కు లోపలి పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క ఎక్కడుందో అక్కడికి సూది జరగాలి, ఆ ముక్క తిరిగి తన కిందికి వచ్చేదాకా కాచుకోవాలి. ఇలా సెకనుకు వంద ముక్కలు అందుకుంటే గొప్ప. విండోస్ లేచేటప్పుడు అడిగేది వేల ముక్కలు! ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. అడగడమే ఆలస్యం, ముక్క చేతికొస్తుంది. అందుకే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీతోనే మీ ల్యాప్‌టాప్ కొత్తదానిలా అనిపిస్తుంది.

కొనేటప్పుడు వేగం అంకె వదిలేసి లోపలి చిప్ రకం చూడండి. చిప్‌లో ఒక్కో గదిలో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. టీఎల్‌సీ అయితే తీసుకోండి. క్యూఎల్‌సీలో పెద్ద ఫైళ్లు ఏకబిగిన రాస్తే కొంతసేపటికి చతికిలబడుతుంది. శాంసంగ్ 870 ఈవో టీఎల్‌సీ, 870 క్యూవో క్యూఎల్‌సీ. పేరులో ఒక్క అక్షరమే తేడా, వారంటీ మాత్రం మొదటిదానికి అయిదేళ్లు, రెండోదానికి మూడేళ్లు. ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం చాలామందికి ఉంది. 500 జీబీ 870 ఈవోకు కంపెనీ చెప్పే హద్దు 300 టీబీ, అంటే మూడు లక్షల జీబీ రాతలు. రోజుకు 20 జీబీ రాసినా నలభై ఏళ్లు పడుతుంది. ఈలోగా ల్యాప్‌టాప్ కీలే విరిగిపోతాయి.

బిగించడం కష్టమేమీ కాదు. ముందు బ్యాటరీ తీయండి. అడుగున స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. నేను ఇడ్లీ రేకు దగ్గర పెట్టుకుని, ఏ మూల స్క్రూలు ఆ గుంతలో వేస్తాను (ఇంట్లో అభ్యంతరాలు వచ్చాయి, అది వేరే సంగతి). కొత్త డ్రైవ్ 7 మిల్లీమీటర్ల మందం. పాత అర 9.5 మిల్లీమీటర్లది అయితే కాస్త వదులుగా అనిపిస్తుంది. పాత డిస్కుకున్న లోహపు చట్రానికే బిగిస్తే కదలదు.

పాత డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేసే ప్రోగ్రాములున్నాయి కానీ, పదేళ్ల చెత్తను కొత్త ఇంటికి మోసుకుపోవడం నాకు నచ్చదు. కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. చిక్కల్లా ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నదే. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 మీ ప్రాసెసర్‌ను అధికారికంగా ఒప్పుకోదు. బ్రౌజింగు, ఉత్తరాలు, సినిమాల వరకే అయితే విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి. ర్యామ్ కూడా 8 జీబీకి పెంచండి, డీడీఆర్3ఎల్ అని అడిగి తీసుకోండి. తీసిన హార్డ్‌డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి దాచండి, ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి కదా.

ప్రశ్న: 4 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ 1,500 రూపాయలకే కనిపించింది. కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దు. ఇలాంటివి విప్పి చూస్తే తరచు లోపల ఉండేది ఒక చిన్న మెమరీ కార్డు. కంప్యూటర్‌కు 4 టీబీ అని అబద్ధం చెప్పేలా దాన్ని మార్చి ఉంటారు. అసలు జాగా నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడిపోతాయి, లేదా గాలిలో కలిసిపోతాయి. ఫైలు పేర్లు మాత్రం నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటాయి, మోసం తెలియనిది అందుకే. ఇప్పటికే కొని ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో 200 జీబీ రాయించి, తిరిగి చదివించి చూడండి. తప్పులు వస్తే ఆ తెరను ఫొటో తీసి, తిప్పి పంపే గడువు దాటకముందే డబ్బు వెనక్కి అడగండి.