ఫోన్‌లో ఆరాధన చూస్తే సరిపోదా?

ప్రశ్న: అక్కా, మాది చిత్తూరు. మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్ళ క్రితం తిరుపతికి వచ్చాం. పెళ్ళికి ముందు మా ఊరి సండే స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పేదాన్ని. ఇక్కడి సంఘంలోనూ ఆ పని చేస్తానని అడిగితే, కమిటీలో ఒకామె అందరి ముందూ "కొత్తవాళ్ళు కదా, కొన్నాళ్ళు కూర్చుని వినండి" అంది. అప్పటి నుంచి చివరి బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం కాకముందే వచ్చేసేదాన్ని. ఈమధ్య మా అత్తగారికి వేలూరు సీఎంసీలో ఆపరేషన్ అయింది. సంఘం నుంచి ఒక్కరూ పలకరించలేదు. ఇప్పుడు ఇంట్లోనే ఫోన్‌లో ఆరాధన చూస్తున్నాం. "విశ్వాసం మనసులో ఉంటే చాలు, వెళ్ళి బాధపడడం ఎందుకు" అంటారు మావారు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిదీ అదే మాట. ఆదివారం వస్తే నాకు టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, అందరి ముందూ అలా అనడం తప్పే. పని చేస్తానని ముందుకొచ్చిన మనిషిని కూర్చోబెట్టడం సంఘానికే నష్టం. చిన్న విషయం, మర్చిపొమ్మని నేను చెప్పను.

కానీ వేలూరు సంగతి వేరు. ఆపరేషన్ గురించి ఎవరికి చెప్పారో మీ ఉత్తరంలో లేదు. పాస్టరు అయ్యగారికి ఫోన్ చేశారా? ప్రార్థన మనవుల్లో అత్తగారి పేరు ఇచ్చారా? ఆశీర్వాదం కాకముందే వెళ్ళిపోయేవాళ్ళ ఇంట్లో ఏం జరుగుతోందో పక్క బెంచీవాళ్ళకు ఎలా తెలుస్తుంది? జబ్బుపడినవాళ్ళు సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని యాకోబు పత్రిక 5:14లో ఉంది. అంటే కబురు మన ఇంటి నుంచే వెళ్ళాలి. మనలో చాలామందికి ఇదే కష్టం. నోరు తెరిచి అడగడం నామోషీ అనుకుంటాం, అడగలేదు కాబట్టి ఎవరూ రారు, రాలేదని కుమిలిపోతాం.

సంఘంలో ఏదో ఒక పని పట్టుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. క్రిస్మస్ ప్రేమవిందుకు నలుగురితో కూర్చుని ఉల్లిపాయలు తరిగితే, క్యారల్స్‌కు కలిసి ఇల్లిల్లూ తిరిగితే, "అత్తమ్మకు ఎలా ఉంది?" అని అడిగే మనుషులు ఏర్పడతారు. ప్రసంగం వినడంతో ఆ చుట్టరికం రాదు, గుడిలో కూర్చుని విన్నా సరే. ఫోన్‌లో అయితే అసలే రాదు.

ఇది మీ ఒక్కరి కోసమే కాదు. తిరుపతి ఎలాంటి ఊరో మీకు తెలుసు. రుయాకీ, స్విమ్స్‌కీ రోగులను తీసుకొచ్చినవాళ్ళు, యూనివర్సిటీ హాస్టళ్ళలో ఉండే పిల్లలు, ఎవరూ తెలియక ఏదో ఒక ఆరాధనకు వచ్చి వెనక కూర్చుంటారు. ఎవరూ పలకరించకపోతే ఆ బాధ ఎలా ఉంటుందో ఆ కమిటీ ఆమెకు తెలియకపోవచ్చు. మీకు తెలుసు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఒకసారి చదవండి. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు రోజూ పంచే భోజనంలో అన్యాయం జరుగుతోందని యెరూషలేము సంఘంలో సణుగుడు మొదలైంది. అప్పుడు ఆ పనికి ఏడుగురిని ఎన్నుకున్నారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. చిన్నచూపుకు గురైనవాళ్ళ వైపు నుంచే వడ్డించేవాళ్ళను నిలబెట్టారని నాకు అనిపిస్తుంది. మీ బాధ మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదు, ఆ పనికి పనికొస్తుంది.

మీవారి మాటలో సగం నిజముంది. యేసు కొండమీద ఒంటరిగా ప్రార్థించాడు. అయినా విశ్రాంతిదినాన తన వాడుక ప్రకారం సమాజమందిరానికి వెళ్ళాడని లూకా 4:16లో ఉంది. ఆ రోజే, ఆ మందిరంలో ఉన్నవాళ్ళే ఆయన్ను కొండకొమ్ము నుంచి తోసేయబోయారు. అదే అధ్యాయంలో ఇంకొంచెం ముందుకెళ్తే, మళ్ళీ విశ్రాంతిదినాన కపెర్నహూము మందిరంలో ఉన్నాడు. మనకు జరిగిన అవమానం అంతకంటే పెద్దదేం కాదు కదమ్మా.

అమ్మాయికి వాళ్ళ నానమ్మ ఆసుపత్రి కథ చెప్పండి. 1900లో ఐడా స్కడ్డర్ అనే మిషనరీ డాక్టరమ్మ ఒకే మంచంతో దాన్ని మొదలుపెట్టింది. విశ్వాసం మనసులో ఉంటే చాలని ఆమె ఇంట్లోనే కూర్చుని ఉంటే, మీరు నానమ్మను అక్కడికి తీసుకెళ్ళేవారు కాదు.

ఒక్క సంగతి. కానుకల కోసం ఒత్తిడి పెట్టే చోట, ఆడవాళ్ళకూ పిల్లలకూ భయం ఉన్న చోట ఓర్చుకోమని నేను అనను. అలాంటిదైతే వేరే సంఘం చూసుకోండి. మీరు రాసినదాన్నిబట్టి మీది అలాంటిది కాదు.

ఈ వారం పనిరోజు సాయంత్రం అయ్యగారి ఇంటికి వెళ్ళండి. ముందు అత్తగారి ఆరోగ్యం చెప్పి, ఇంటికొచ్చి ప్రార్థన చేయమనండి. ఆ కమిటీ ఆమె సంగతి అక్కడ ఎత్తకండి. ఆమెతో విడిగా, మీరిద్దరే ఉన్నప్పుడు, "ఆ రోజు మీ మాటకు నొచ్చుకున్నాను" అని సూటిగా చెప్పండి. మీవారిని బలవంతపెట్టొద్దు. అమ్మాయిని మాత్రం వెంటబెట్టుకెళ్ళి, ఆరాధన అయ్యాక కొత్తగా వచ్చినవాళ్ళను గుమ్మం దగ్గర పలకరించే పని మీరిద్దరూ తీసుకోండి. దానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు. సండే స్కూల్ సంగతి వేసవిలో వీబీఎస్ (పిల్లల సెలవుల బైబిల్ తరగతులు) ముందు మళ్ళీ అడగండి. అప్పుడు పాటలు నేర్పేవాళ్ళ కోసం వాళ్ళే వెతుక్కుంటుంటారు.