పాత అంబాసిడర్‌కు తుక్కు కొట్టు యాక్సిల్ బిగించొచ్చా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా నాన్నగారు కొన్న 1973 మోడల్ అంబాసిడర్ ఇప్పుడు నా పేరు మీద ఉంది. రిజిస్ట్రేషన్ ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయిస్తున్నాను. ఈమధ్య వెనక యాక్సిల్ హౌసింగ్ (యాక్సిల్ పైన ఉండే ఇనుప తొడుగు), కమాను కట్ట కూర్చునే చోట పగిలింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. మా మెకానిక్ ఓ తుక్కు కొట్టు నుంచి పాత అంబాసిడర్ ట్యాక్సీకి ఉన్న హౌసింగ్ తెచ్చాడు. పద్నాలుగు వేలు ఇచ్చాను. ఒక తెల్ల కాగితం మీద ‘యాక్సిల్ – 14,000’ అని రాసిచ్చారు, అంతే. ఇంకా బిగించలేదు. వేరే బండి సామాను బిగిస్తే ఆర్సీ రద్దవుతుందని, బండి సీజ్ చేస్తారని మా బావమరిది అంటున్నాడు. అది దొంగ బండిదైతే నా పరిస్థితి ఏమిటి? వింటేజ్ నంబరు తీసుకుందామనుకుంటున్నాను, దానికి ఇది అడ్డా? అమ్మను వారం వారం గుడికి తీసుకెళ్లేది ఈ కారులోనే. రేపు మళ్లీ పగిలితే మెకానిక్‌ను నిలదీయొచ్చా?
– ఓ పాఠకుడు

జవాబు: మీ బావమరిదిగారి భయం ఊరికే పుట్టింది కాదు. కానీ అది మీ కేసుకు వర్తించదు. మీరు టెన్షన్ పడాల్సింది యాక్సిల్ గురించి కాదు, ఆ తెల్ల కాగితం గురించి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి తేడాగా ఉండేలా యజమాని బండిని మార్చకూడదు. ‘మార్పు’ అంటే ఏమిటో అదే సెక్షన్ వివరణలో చెప్పారు: బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక స్వరూపం మారిపోవాలి. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధననే గట్టిగా చెప్పింది. ఆ తీర్పు వార్త చదివినవాళ్లు ‘ఇక బండికి ఏదీ మార్చకూడదట’ అని ప్రచారం చేశారు. మీ బావమరిదిగారి చెవిన పడింది బహుశా అదే. తీర్పు చెప్పింది మార్పుల గురించి. అరిగిపోయిన, విరిగిపోయిన భాగం తీసి అదే రకం భాగం పెట్టడం మరమ్మతు. అది మార్పు కాదు.

మీ ఆర్సీ ఒకసారి తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, మోడల్, బాడీ రకం, రంగు, సీట్లు, ఇంధనం లాంటివి ఉంటాయి. వెనక హౌసింగ్ నంబరు ఉండదు. ఇంజిన్ మార్చి ఉంటే నేను ఇంత తేలిగ్గా చెప్పేవాణ్ని కాదు. ఇంజిన్ మార్పు ఆర్టీఏకు చెప్పి, ఆర్సీలో ఎక్కించుకోవాల్సిన సంగతి. అంబాసిడర్ హౌసింగ్ తీసి అంబాసిడర్ హౌసింగే పెడితే ఆర్సీలో ఒక్క అక్షరం కూడా మారదు. రెన్యువల్‌కు తీసుకెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసేది బ్రేకులు, లైట్లు, పొగ, ఛాసిస్ నంబరు. హౌసింగ్ కొత్తదా పాతదా అన్నది ఆయన లెక్కలో ఉండదు.

కాకపోతే ఒక షరతు. బిగించేముందు పాత హౌసింగ్‌నూ కొత్తగా తెచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి టేపుతో కొలిపించండి. కమాను కట్టలు కూర్చునే మెత్తల మధ్య దూరం, చక్రం నుంచి చక్రానికి వెడల్పు, బ్రేక్ ప్లేటు రంధ్రాలు అన్నీ కలవాలి. అంబాసిడర్ మార్క్ 1, మార్క్ 2 అంటూ ఎన్నో రకాల్లో వచ్చింది, చివర్లో ఇంజిన్లూ మారాయి. ట్యాక్సీ ఏ ఏడాదిదో మీకు తెలియదు. పైగా లోపలి క్రౌన్ పినియన్‌తో (చక్రాలను తిప్పే పళ్ల చక్రాల జతతో) సహా బిగిస్తే, పళ్ల నిష్పత్తి వేరైనప్పుడు స్పీడో మీటరు తప్పు చూపిస్తుంది. మీ బండి క్రౌన్ పినియన్ బాగుంటే దాన్నే ఈ హౌసింగ్‌లో వేయించండి. కొలతలు కలవక మెత్తలు కోసి వేరేచోట వెల్డింగ్ పెడతానని మెకానిక్ అంటే ఒప్పుకోవద్దు. అక్కడితో అది మరమ్మతు దాటి మార్పు అనిపించుకునే ప్రమాదం ఉంది. అనుమతి లేని మార్పుకు 182ఎ(4) సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. జీపుదో మరో కారుదో యాక్సిల్ తెచ్చి ఇమిడించాలనుకుంటే మాత్రం ముందు ఆర్టీఏకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సిందే.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. దొంగ సొత్తు అని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ, దురుద్దేశంతో తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. ఇక్కడ కీలకం ‘నమ్మడానికి కారణం’ అన్న మాట. బయట రేటులో సగానికి అమ్మాడు, నంబరు గీకేసి ఉంది, బిల్లు అడిగితే విసుక్కున్నాడు, ఇలాంటివి కోర్టులో మీకు ఎదురు తిరుగుతాయి. మామూలుగా యాక్సిల్ కోసం పోలీసులు ఎవరి ఇంటికీ రారు. కానీ ఆ కొట్టు మీద దాడి జరిగి, చిట్టాలో మీ మెకానిక్ పేరు దొరికితే వాళ్లు మీ దాకా రావడానికి ఎంతోసేపు పట్టదు. మీకు దురుద్దేశం లేకపోతే శిక్ష పడదు. అయినా సరే, అది నిజంగా దొంగిలించినదైతే మీరు డబ్బిచ్చి కొన్నా మీ సొంతం కాదు. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. ఎప్పుడైనా పోలీసులు బండితో సహా తీసుకెళితే న్యాయమూర్తి ముందు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 497 లేదా 503 కింద, కేసు తేలేలోగా బండిని మీకు అప్పగించమని మధ్యంతర కస్టడీ పిటిషన్ వేయండి. వాహనాలను ఠాణా ఆవరణలో ఏళ్ల తరబడి ఉంచకూడదని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి మెకానిక్‌ను వెంటబెట్టుకుని ఆ కొట్టుకు వెళ్లండి. కొట్టు పేరు, చిరునామా, ఫోను, జీఎస్టీ ఉంటే ఆ నంబరుతో బిల్లు రాయించుకోండి. ‘వాడిన అంబాసిడర్ వెనక యాక్సిల్ హౌసింగ్’ అని స్పష్టంగా ఉండాలి. అది ఏ బండిదో దాని రిజిస్ట్రేషన్ నంబరు కూడా రాయమనండి. ఆ నంబరు కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో కొడితే దాని ఆర్సీ ఏ స్థితిలో ఉందో కనిపిస్తుంది. నిజానికి అంబాసిడర్ సామాను సక్రమంగా దొరికే దారి ఒకటుంది. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ చేయడం లేదు. వాటిని రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రాలకే పంపాలి. ఒకప్పుడు ఆఫీసర్లంతా తిరిగింది ఈ బండ్లలోనే కదా. అలాంటి కేంద్రం బిల్లు చేతిలో ఉంటే నాలాంటి వాళ్లతో మీకు పనే ఉండదు.

వింటేజ్ నంబరుకు ఈ యాక్సిల్ అడ్డు కాదనే నా అభిప్రాయం. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి, మీది దాటింది. ఛాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజిన్‌లో గానీ మార్పులు చేసి ఉండకూడదు. ఆ జాబితాలో యాక్సిల్ లేదు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అయితే ఆ నంబరు వేశాక బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోజువారీ అవసరాలకు రోడ్డెక్కించకూడదు. మీ అమ్మగారిని వారం వారం గుడికి తీసుకెళ్లడం ఆ జాబితాలోకి రాదు. నన్నడిగితే మామూలు రెన్యువల్‌తోనే కొనసాగండి. ప్లేటు మీద రెండక్షరాల ముచ్చట కోసం బండిని షెడ్డులో కట్టేసుకోవడం దేనికి?

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ, ఒక మాట. ఎదుటివాళ్లకు నష్టం జరిగితే పాత యాక్సిల్ సాకుతో కంపెనీ థర్డ్ పార్టీ పరిహారం ఎగ్గొట్టలేదు. మోటారు వాహనాల చట్టంలోని 150వ సెక్షన్ అనుమతించే అభ్యంతరాల్లో అది లేదు. మీ సొంత బండికి జరిగిన నష్టం మాత్రం వేరు. బండిని మంచి స్థితిలో ఉంచాలన్నది పాలసీ షరతు కాబట్టి అక్కడ పేచీ పెట్టొచ్చు. అంతకంటే ముఖ్యం అదే చట్టంలోని 190వ సెక్షన్: మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగిన లోపం ఉన్న బండిని నడిపితే 1,500 రూపాయల జరిమానా, ఆ లోపం వల్ల ఎవరికైనా దెబ్బలు తగిలితే మూడు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల జరిమానా, లేదా రెండూ. అందుకని హౌసింగ్‌ను లేత్ మీద పెట్టించి వంపు చూపించండి. పాత వెల్డింగ్ మచ్చలుంటే రంగు ద్రవంతో పగుళ్లు కనిపెట్టే పరీక్ష చేయించండి. ఆ రసీదు దాచుకోండి.

ఇక మెకానిక్. సామాను ఎంచి తెచ్చింది, బిగించేది ఆయనే అయితే ‘సెకండ్ హ్యాండు, గ్యారంటీ లేదు’ అని చేతులు దులుపుకోవడం కుదరదు. ఏ పనికో చెప్పి, ఆయన నైపుణ్యం మీద ఆధారపడి కొన్నారు కాబట్టి ఆ పనికి పనికిరావాలన్నది వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్. బిగింపులో లోపం ఉంటే అది సేవా లోపం. రెండేళ్లలోపు తూర్పు గోదావరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరే ఫిర్యాదు వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. అయితే కూలి ఎంతో ముందే కాగితం మీద మాట్లాడుకోండి. చేసిన పనికి న్యాయంగా రావాల్సిన సొమ్ము ఇచ్చేదాకా బండిని తన దగ్గరే ఉంచుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ మెకానిక్‌కు ఇస్తుంది. రేటు మీద గొడవ వస్తే తాళాలు ఆయన జేబులో ఉంటాయి. అప్పుడు మీరు అభ్యంతరం రాతపూర్వకంగా తెలిపి, డబ్బు కట్టి బండి తెచ్చుకుని, ఆ తర్వాతే ఫిర్యాదుకు వెళ్లాలి.