ఉదయగిరి యుద్ధనౌక వయసు లెక్క ఎందుకు తేలడం లేదంటే

మీ పాప ప్రాజెక్టు కోసం ఐఎన్ఎస్ ఉదయగిరి వయసు లెక్కేస్తే తేలడం లేదన్నారు కదా. మీరు ఒకే పేరున్న రెండు ఫ్రిగేట్లను (మధ్యస్థాయి యుద్ధనౌకలను) కలిపేశారు. 1976 నుంచి ఇప్పటిదాకా లెక్కేస్తే దాదాపు యాభై ఏళ్లు వచ్చింది అందుకే. ఓడ పక్కన రాసే నంబరు రెండింటికీ ఎఫ్35 కావడంతో ఫొటోలు చూసినా తికమకే. మీ పాప ప్రాజెక్టులో ఇలా సరిచేయండి.

1. పాత ఐఎన్ఎస్ ఉదయగిరి 1976 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది, 2007 ఆగస్టులో సేవ ముగించింది. 31 ఏళ్లు.

2. కొత్తదానికి చాలామంది తప్పు తేదీ రాస్తారు. 2022 మే 17న ముంబైలో జరిగింది జలప్రవేశం మాత్రమే. అప్పటికి ఓడ నీళ్లలో తేలుతుందంతే. మిగతా పరికరాల బిగింపు, సముద్రంలో పరీక్షలు అన్నీ ఆ తర్వాతే. విశాఖలో కమిషన్ అయింది, అంటే లాంఛనంగా నౌకాదళంలో చేరింది 2025 ఆగస్టు 26న. సర్వీసు లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది.

3. "30 ఏళ్లకు తీసేస్తారు" అని ఖాయంగా రాయొద్దు. ఇలాంటి ఫ్రిగేట్లే అయిన ఐఎన్ఎస్ గోదావరి 32 ఏళ్లు (1983-2015), గోమతి 34 ఏళ్లు (1988-2022) పనిచేశాయి. రాడార్లు, ఆయుధాలు ఓడ ఉక్కు కంటే ముందే పాతబడతాయి. మన జిల్లా జువ్వలదిన్నె రేవులో చేపల మరబోటుకు ఇంజిన్ మార్చినట్టు, వాటిని మధ్యలో రీఫిట్‌లో (ఓడను ఆపి చేసే పెద్ద మరమ్మతులో) మారుస్తారు. తుప్పు, అలల దెబ్బలకు ఉక్కే అలిసిపోతే మాత్రం మరమ్మతు ఖర్చు గిట్టదు.

నౌకాదళం ఈ పేరు పెట్టింది ఆంధ్రలోని ఉదయగిరి కొండల పేరు మీదే. నెల్లూరు పిల్లల ప్రాజెక్టు కదా, ఆ ముక్క మొదటి పేజీలోనే వేయించండి.